నాలుగూ ఇరవై ఐదు

చచ్చిపోయిన మనిషికి ఆ సాయంత్రం మూడుసార్లు థాంక్స్ చెప్పారు. మొదటిసారి ఏడూ పదకొండుకి, రెండోసారి ఏడుంపావుకి, మూడోసారి అందరికీ కలిపి వీడ్కోలు పలికేటప్పుడు. తెర మీద రెండు వందల పన్నెండు గళ్ళు, గడికొక మొహం. అందులో ఒక గడిలో ముసలాయన కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు తెరుచుకునే కూర్చున్నాడు. నెట్ ఆగిపోయిందనుకున్నారు అందరూ. ఆగింది నెట్ కాదని మర్నాడు ఆదివారం పొద్దున మెట్లు తుడిచే మనిషి కేకపెడితే గానీ లోకానికి తెలియలేదు.

ఆ సభ పెట్టింది 'మాటతోడు' అనే సంస్థ. ఒంటరిగా ఉండేవాళ్ళకి రోజూ ఒకే టైముకి ఫోన్ చేసి పదినిమిషాలు మాట్లాడడం వాళ్ళ పని. ఏడాదికోసారి విరాళాల కోసం సభ పెడతారు. హాలు లేదు, పందిరి లేదు. ఎవరింట్లో వాళ్ళు కంప్యూటరు ముందు కూర్చోవడమే. చప్పట్లు కూడా బొమ్మలే.

వాళ్ళకో రూలుంది. ఫోన్ చేసేవాళ్ళకీ ఎత్తేవాళ్ళకీ ఒకరి పేరు ఒకరికి తెలియకూడదు. అందుకని ఫోన్ వచ్చే టైమే మనిషి పేరు. చనిపోయినాయన పదకొండేళ్ళుగా 'నాలుగూ పది'. సభలో కూడా గడి కింద ఆ పేరే రాసుకున్నాడు. నలభై ఏళ్ళు కళ్ళజోళ్ళు చేసి బతికిన మనిషి. ఇప్పుడు నా ముక్కు మీదున్న జోడు ఆయన చేసిందే.

ఇన్ని సంగతులు నాకెలా తెలుసని మీరు అడగకముందే చెప్పేస్తాను. ఆ జాబితాలో నేనూ ఉన్నాను. మా ఆవిడ పోయి రెండేళ్ళయింది. నా పేరు 'ఎనిమిదీ నలభై'. పొద్దున్నే ఒక మగగొంతు 'అన్నయ్యా' అంటుంది. నేను 'తమ్ముడూ' అంటాను. ఈ ముక్క ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఊళ్ళో వాళ్ళ గుట్లన్నీ విప్పే డిటెక్టివు పొద్దున లేచి ఫోన్ కోసం కాసుకుని కూర్చుంటాడంటే నవ్విపోరూ? ఈ మంగళవారం పొద్దున కూడా మాట్లాడాం. చేతిలో కేసు ఉన్న రోజు నా నోరు ఊరుకోదు. పదినిమిషాల ఫోను ఇరవై నిమిషాలయింది.

కేసు నాకు అప్పజెప్పింది కళ్ళజోళ్ళాయన కింది వాటాలో ఉండే టీచరమ్మ. డెబ్భై రెండేళ్ళ ఆవిడ, ఒక్కతే ఉంటుంది. శనివారం సాయంత్రం ఆరూ నలభైకి ఒకామె ఏడుస్తూ మెట్లు దిగడం చూశానని పోలీసులకి చెప్పింది. సోమవారం డాక్టరు రిపోర్టు వచ్చింది. మెత్తటిదేదో మొహానికి అదిమి ఊపిరాడకుండా చేశారట. సాయంత్రానికల్లా ఆ ఏడ్చినామెని లోపలేశారు.

"నా నోటిమాట వల్ల ఆ అమ్మాయి జైల్లో పడింది నాయనా," అంది టీచరమ్మ సోమవారం సాయంత్రం నన్ను పిలిపించి. "తర్వాత గుర్తొచ్చింది. ఆమె వెళ్ళిన కాసేపటికి ఇంకెవరో పైకెళ్ళారు. చెప్పులు కిర్రుకిర్రుమన్నాయి. పై మెట్టు దాకా వినపడి ఆగిపోయాయి. ఇప్పుడు ఇన్‌స్పెక్టరు దగ్గరికెళ్ళి మాట మారిస్తే కోప్పడతాడేమో."

"రేపు నేనే తీసుకెళ్తాను. అప్పటిదాకా ఎవరితోనూ అనకండి," అన్నాను.

ఎవరితోనూ అనొద్దని ఆవిడకి చెప్పినవాణ్ణి, ఆ మాట నాకూ చెప్పుకోవలసింది.

* * *

మంగళవారం పదకొండింటికి స్టేషన్లో ఆమెని చూశాను. నలభై ఐదేళ్ళుంటాయి. ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని బతికే టైలరు. కుడిచేతి చూపుడువేలి మీద సూది గుచ్చిన చుక్కలు. పదకొండేళ్ళుగా నాలుగూ పదికి ఫోన్ చేసిన గొంతు ఈమెది. సాయంత్రం ఐదింటికి మేజిస్ట్రేటు ముందు పెడతారు. పెడితే ఇక ఆమె తరఫున నిలబడేవాళ్ళు ఒక్కరు కూడా లేరు. ఈ లోపల నేనేదో ఒకటి తేల్చాలి.

"మనిషిని కలవకూడదని రూలు కదమ్మా. ఎందుకెళ్ళారు?"

"పదకొండేళ్ళు ఆ రూలు దాటలేదండీ. మూడువారాల కిందట ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది. నాలుగూ పది గారు ఇక ఫోన్లు వద్దన్నారు, మీ సేవకి కృతజ్ఞతలు అని. ఎందుకు వద్దన్నారో లేదు. రోజూ ఆ టైముకి మిషన్ ఆపేసి ఫోన్ వంక చూస్తూ కూర్చునేదాన్ని. ఇక ఉండబట్టలేకపోయాను."

"ఇల్లెలా తెలిసింది?"

"పోస్టాఫీసు ఎదురు సందు, కింద మందుల కొట్టు, మెట్లెక్కితే ఆయాసం. పదకొండేళ్ళలో ముక్కలు ముక్కలుగా ఆయనే చెప్పారు."

"వెళ్ళాక ఏమన్నారు?"

ఆమె కొంగు అంచు వేలికి చుట్టుకుంది. "అన్నయ్యా అనగానే గొంతు గుర్తుపట్టారు. ఎంత సంతోషపడ్డారో. తర్వాత మాత్రం, 'ఇందాక మాట్లాడినప్పుడు వస్తానని చెప్పలేదేం చెల్లీ' అన్నారు. నేనెక్కడ మాట్లాడాను అన్నయ్యా, మూడువారాలయింది కదా అన్నాను. చాలాసేపు నా మొహం చూశారు. మతిమరుపు వచ్చేసిందనుకుని నాకు ఏడుపాగలేదు. 'నువ్వు ఇంటికెళ్ళు. ఏడుంపావుకి సభలో నాకు ఐదు నిమిషాలిచ్చారు. అప్పుడు అందరికీ చెబుతాను' అన్నారు."

"ఏం చెబుతానన్నారు?"

"అది చెప్పలేదండీ."

"మీరు అక్కణ్ణించి ఎటెళ్ళారు? ఏడింటికి ఎక్కడున్నారు?"

"నడిచాను. చీకటి పడేదాకా నడిచాను."

"ఎవరైనా చూశారా?"

"నన్నెవరు చూస్తారండీ?"

ఆ మాట ఆమె జాలి కోసం అనలేదు. లెక్క అప్పజెప్పినట్టు అంది. ఒంటరివాళ్ళకి సాక్షులుండరు. ముప్పై ఏళ్ళ అనుభవంలో నేను నేర్చుకున్న సూత్రాల్లో ఇదొకటి. ఇంటినిండా మనుషులున్నవాడు హత్య చేసినా, భోజనాల దగ్గరే ఉన్నాడని నలుగురు చెబుతారు.

* * *

ఒంటిగంటకి మాటతోడు ఆఫీసు. కళ్ళజోళ్ళాయన ఇంటికి పక్క సందులోనే, మూడో అంతస్తులో రెండు గదులు. కార్యదర్శి గారు అరవై దాటిన మనిషి. బట్టల మీద గానీ మాట మీద గానీ ఒక్క మడత నలగనివ్వదు. గోడకి పెద్ద చెక్క బోర్డుంది. దాని నిండా కొక్కేలకి వేలాడే చిన్న బిళ్ళలు, ఒక్కో బిళ్ళ మీద ఒక్కో టైము. ఎనిమిదీ నలభై బిళ్ళ కనబడగానే చూపు తిప్పేసుకున్నాను. ఒక బిళ్ళకి మాత్రం నల్ల రిబ్బను కట్టారు. దాని మీద నాలుగూ ఇరవై ఐదు అని ఉంది.

"ఆయన నాలుగూ పది కదండీ?" అన్నాను.

"మూడు వారాల కిందట మారింది. పాతామె మానేసింది, కొత్తవాళ్ళకి పావుగంట ఆలస్యంగా వీలైంది. ఆయన మాత్రం సభలో పాత పేరే పెట్టుకుంటానన్నారు. అలవాటు కదా."

"ఆమె మానేసిందా, మాన్పించారా?"

"మానేసిందనే నాకు చెప్పారు."

"ఎవరు చెప్పారు?"

"మా సౌండాయన. కాల్స్ సంగతంతా ఆయనే చూస్తారు. నేను సభలూ దాతలూ చూసుకుంటాను."

"కొత్తగా ఎవరు ఫోన్ చేస్తున్నారు?"

"పేర్లు బయటికి చెప్పం. రూలు."

రూళ్ళు బాగానే ఉన్నాయి. "ఆ రిబ్బను దేనికి?"

ఆవిడ గొంతు కాస్త మెత్తబడింది. "మా దగ్గర ఎవరైనా పోతే నెలరోజులు ఆ టైము ఇంకొకరికివ్వం. బిళ్ళ తియ్యం, జాబితాలోంచి కొట్టెయ్యం. పెట్టినప్పటి నుంచి ఉన్న ఆచారం. మనిషి పోయిన మర్నాడే పేరు కొట్టేస్తే ఇక మనకీ కరెంటాఫీసుకీ తేడా ఏముంది?"

ఆ మాట నాకు నచ్చింది. నాకు నచ్చిన మాటలు నన్ను మోసం చేసిన సందర్భాలు చాలా ఉన్నాయి గనక వెంటనే శనివారం సంగతికి వచ్చాను. "ఆరూ నలభై నుంచి ఏడూ పది దాకా సభలో ఏం జరిగింది?"

"మూడు చిన్న సినిమాలు వేశాం, మా పని గురించి. ఆ అరగంట తెర మీద మేమెవరం ఉండం. నేను మా ఇంట్లో ఉన్నాను, పక్కన మా కోడలుంది. ఈయన ఇక్కడి నుంచి నడిపారు."

'ఈయన' పక్కగదిలో, అద్దం వెనక ఉన్నాడు. యాభై ఏళ్ళ మనిషి, పూర్వం రేడియోలో శబ్దం చూసేవాడట. నేను లోపలికి అడుగుపెట్టబోతే చెయ్యెత్తి ఆపాడు.

"చెప్పులు బయటండీ."

వదిలాను. అప్పటికే అక్కడ గోడవారగా ఒక జత బుద్ధిగా పెట్టి ఉంది. గోధుమరంగు తోలువి, ఎడమ పట్టీ తెగితే నీలం దారంతో కుట్టుకున్నాడు. బొత్తిగా ఇల్లాలు లేని మనిషి కుట్టు అది. నా చొక్కా గుండీలు కూడా అలాగే ఉంటాయి గనక గుర్తుపట్టాను.

"శనివారం ఆ అరగంట ఎక్కడున్నారు?"

"ఈ కుర్చీలోనే. ఒక్కణ్ణే. సాక్షులు కావాలంటే లేరు. ఒంటరిగా పనిచేసేవాడికి సాక్షులెక్కడ దొరుకుతారండీ?" అని నవ్వాడు. నా సూత్రం ఇంకొకడి నోట విని నాకు నచ్చలేదు.

"సభ చిట్టా ఉంటుందా? ఎవరు ఎప్పుడు వచ్చారు, వెళ్ళారు?"

"ఇన్‌స్పెక్టరు గారికి ఇచ్చాను. మీకూ ఇస్తాను," అంటూ ఒక కాగితం తీసిచ్చాడు. దాచేవాడైతే ఇంత సులువుగా ఇవ్వడు అనుకున్నాను. ఆయన మాత్రం ఆ కాగితంలో చూడదగ్గదేమీ లేదనుకున్నాడు. ఇద్దరిదీ పొరపాటే.

చదివాను. ఆరూ ముప్పై ఒకటికి 'నాలుగూ పది' లోపలికొచ్చాడు. ఆరూ ముప్పై ఐదుకి కెమెరా ఆపాడు, అంటే టైలరమ్మ తలుపు కొట్టినప్పుడు. ఆరూ నలభై నాలుగుకి తెర వెనక వాళ్ళకి ఒక సందేశం పంపాడు: 'నా ఐదు నిమిషాల్లో రాసిచ్చింది చదవను. వేరే సంగతి చెబుతాను.' ఆరూ యాభై ఎనిమిదికి కెమెరా మళ్ళీ వెలిగింది. అప్పటి నుంచీ మనిషి కదల్లేదు. ఏడూ నాలుగుకి, అతిథుల్ని కనిపెట్టుకుని ఉండే ఒక అమ్మాయి ఆయనకి విడిగా రాసింది: 'సార్, మీ వీడియో ఆగిపోయింది. ఒకసారి బయటికెళ్ళి మళ్ళీ రండి.' ఏడూ ఆరుకి వెళ్ళాడు. ఏడూ ఏడుకి వచ్చాడు.

"ఆ ఆరూ నలభై నాలుగు సందేశం ఎవరు చూశారు?"

"నేను చూశాను," అన్నాడు సౌండాయన. "ముసలాయన కథేదో మార్చుకున్నాడులే అనుకున్నాను."

"నాకు చెప్పలేదే?" అంది వెనక నుంచి కార్యదర్శి.

"సినిమాలు వేసే హడావిడిలో ఉన్నానండీ."

లేచాను. తలుపు దగ్గర ఆగి అడిగాను, "ఈ ఫోన్లన్నీ రికార్డు చేస్తారా?"

"ప్రతిదీ," అంది ఆవిడ గర్వంగా. "ఈయన కూర్చుని వింటారు. ఎవరి గొంతైనా నీరసంగా ఉంటే డాక్టరుని పంపిస్తాం."

ఎనిమిదీ నలభై గొంతు ఆయన ఎన్నిసార్లు విన్నాడో అని నాకు సిగ్గేసింది. సిగ్గుపడ్డంతో సరిపెట్టుకున్నాను. అక్కడ పడాల్సింది సిగ్గు కాదు, భయం.

* * *

మూడూ యాభైకి కళ్ళజోళ్ళాయన వాటాకి మెట్లెక్కాను. దారిలో కింది గుమ్మం ముందు టీచరమ్మ రబ్బరు చెప్పులు కనిపించాయి, ఎప్పటిలాగే ఒక్క జత. ఆవిణ్ణి ఇన్‌స్పెక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సిన పనుంది గానీ ఆయనే పైన ఉన్నాడు కదా, కాసేపాగి పిలుద్దాంలే అనుకున్నాను.

ఇన్‌స్పెక్టరు మా బావమరిది. చనిపోయిన మా ఆవిడకి స్వయానా తమ్ముడు. అక్కని నేను సరిగా చూసుకోలేదని వాడి నమ్మకం. ఆ నమ్మకం పూర్తిగా అబద్ధమని నేనూ అనలేను. రెండేళ్ళలో మేం మాట్లాడుకున్నవన్నీ శవాల పక్కనే.

"ఏం బావా, పిలవని పేరంటానికి వచ్చావు?" అన్నాడు. జరిగింది జరిగినట్టు చేయించి చూడ్డానికి టైలరమ్మని తీసుకొచ్చాడు. ఆమె గోడకి ఆనుకుని, పక్కన కానిస్టేబులుతో నిలబడింది. చనిపోయినాయన ఖాళీ కుర్చీ వంక ఆమె చూడ్డం లేదు.

"ఐదింటికి కదా కోర్టు. కాసేపు నా మాట విను."

"చెప్పినంత సేపూ వింటాను. నమ్మమని మాత్రం అడక్కు."

గది చూశాను. కుర్చీ, ఎదురుగా బల్ల, బల్ల మీద ట్యాబ్లెట్టు, మూలన స్టూలు మీద పాతకాలపు ఫోను. ఒక మనిషి, ఒక గ్లాసు, ఒక కంచం. ఇల్లు చూస్తే ఇంకో మనిషి వస్తాడన్న ఆశ ఎక్కడా లేదు. రెండో కుర్చీ మీద పాత పేపర్లు పేర్చుకున్నాడు. మా ఇంట్లోనూ రెండో కుర్చీకి అదే గతి.

సొరుగు లాగితే మూడు కళ్ళజోళ్ళ డబ్బాలు. మూతల మీద ముత్యాల్లాంటి అక్షరాలు: చదువుకి, వీధికి, తెరకి. 'చదువుకి' డబ్బాలో జోడుంది. మిగతా రెండూ ఖాళీ.

"శవం మీదున్న జోడు ఇటివ్వు."

బావమరిది సంచిలోంచి నల్లఫ్రేము తీశాడు. పేపరు అక్షరాల మీద పట్టుకుని చూశాను. అక్షరాలు చిన్నవైపోయాయి.

"ఇవి దూరపు చూపు అద్దాలు. వీధికి. ఎదురుగా బల్ల మీదున్న తెర చూడ్డానికి ఇవెవరు పెట్టుకుంటారు? ఊరందరికీ అద్దాలు చేసిన మనిషి పెట్టుకుంటాడా? పెనుగులాటలో ఆయన తెర జోడు పడి విరిగింది. చంపినవాడు చేతికందింది తగిలించి, విరిగింది జేబులో వేసుకుపోయాడు."

"వాడు అనకు, ఆమె అను. ఆరూ నలభైకి దిగినామె మళ్ళీ వెనక్కొచ్చింది, ఏడింటికి ఎక్కడుందో చెప్పలేకపోతోంది. కంగారులో ఆమే తగిలించింది. నువ్వే నాకు సాక్ష్యం ఇస్తున్నావు బావా."

"సరే. ఏడూ ఏడు సంగతేంటి? అప్పటికి ఆయన చనిపోయి ఉన్నాడు. బతికున్నాడనిపించడానికి కెమెరా పెట్టి కూర్చోబెట్టారు. మరి బయటికెళ్ళి మళ్ళీ వచ్చిందెవరు?"

"నెట్ పోయి వచ్చింది. మా ఇంట్లో రోజుకి పదిసార్లు పోతుంది."

"నెట్ పోయి వస్తే పాత పేరే ఉంటుంది. ఇక్కడ చూడు." చిట్టా అతని ముందు పరిచి, ఆఖరి వరస మీద వేలు పెట్టాను. "బయటికెళ్ళిన పేరు నాలుగూ పది. మళ్ళీ వచ్చిన పేరు నాలుగూ ఇరవై ఐదు. ఎవరో వేళ్ళతో కొట్టారు. ఆ అమ్మాయి సందేశం చూసి, జవాబివ్వకపోతే ఎవర్నైనా పంపుతుందేమోనని, శవం పక్కన కూర్చుని పేరు కొట్టారు. ముసలాయన సభలో పాత పేరు వదల్లేదు. కొత్త టైమే ఆయన పేరని అనుకునేవాళ్ళు ఒకే చోట ఉన్నారు. ఆఫీసులో. ఈమెకి ఆ టైము మారిందనే తెలియదు."

టైలరమ్మ తలెత్తింది. "నాలుగూ ఇరవై ఐదా? అదెవరు?"

"నటన బాగుంది," అన్నాడు బావమరిది.

"కింది టీచరమ్మ ఇంకో మనిషి చెప్పుల చప్పుడు విన్నది."

"ఆ ముసలావిడా? నిన్న లేని చప్పుడు ఇవాళ వినపడిందా? బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం నీకు కొత్త కాదు. అక్కకి జ్వరమొచ్చినప్పుడు కూడా మామూలు జలుబని తేల్చింది నువ్వే."

దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. కానిస్టేబులు కిటికీలోంచి బయటికి చూశాడు. నేను గోడ గడియారం చూశాను. నాలుగూ పదిహేడు.

"అదీ నిజమేరా," అన్నాను. "అప్పుడు నేను వినిపించుకోలేదు. ఇప్పుడు నువ్వు వినిపించుకో. ఎనిమిది నిమిషాలు. ఈ గదిలో ఊరికే నిలబడు. ఏమీ జరక్కపోతే నేనే మీ జీపు తలుపు తీస్తాను."

వాడు ఏ కళనున్నాడో ఒప్పుకున్నాడు. అక్క మాట తెచ్చినందుకు వాడికీ మనసు చివుక్కుమని ఉంటుంది.

ఎనిమిది నిమిషాలు నలుగురం మాట్లాడకుండా నిలబడ్డాం. ఈ గదిలో రోజూ ఒక మనిషి ఇలాగే ఎదురుచూసి ఉంటాడు. గొంతు సవరించుకుని, ఏం చెప్పాలో లోపల లోపల అనుకుని. నాకు తెలుసు. నేనూ అంతే.

నాలుగూ ఇరవై ఐదుకి ఫోన్ మోగింది.

నలుగురం ఉలిక్కిపడ్డాం. నేను స్పీకరు మీట నొక్కాను.

"అన్నయ్యా, నేనే! మోకాలు ఎలా ఉంది ఇవాళ?"

టైలరమ్మ గొంతు. అదే పలుకు, అదే చివర సాగదీత. టైలరమ్మ మాత్రం ఎదురుగా గోడకి ఆనుకుని, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

ఫోను కాసేపు ఆగింది. జవాబు కోసం ఎంత ఆగాలో అంతే ఆగింది.

"అవునా? మెట్లు దిగొద్దని చెప్పానుగా మరి!" అని నవ్వింది. ఆ ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు.

"ఆ నవ్వు నాదే," అంది టైలరమ్మ. "పోయినేడు ఫోన్లో ఉండగా నా మిషన్ సూది విరిగితే అన్నయ్య ఏదో జోకేశారు. అప్పుడు నవ్విన నవ్వు. వాళ్ళు... వాళ్ళు దాచుకున్నారా దాన్ని?"

పదకొండేళ్ళ రికార్డులు. ఒక మనిషి గొంతు పోతపోయడానికి అంతకంటే ఏం కావాలి? మనిషిని తప్పించి యంత్రాన్ని కూర్చోబెట్టారు. ఆ సంగతి ఆమె గుమ్మంలో నిలబడగానే ముసలాయనకి అర్థమైంది. రెండు వందల పన్నెండు మంది ముందు చెప్పబోయాడు. ఏడుంపావుకి ముందే ఆయన నోరు మూయించారు. చంపినవాడికి తట్టనిది ఒక్కటే. కార్యదర్శి గారి ఆచారం వల్ల చనిపోయినవాడి టైము జాబితాలోనే ఉండిపోయింది. యంత్రానికి నల్ల రిబ్బన్లు కనబడవు.

"నా మీద కోపం లేదన్నమాట," అంది టైలరమ్మ కుర్చీ వంక మొదటిసారి చూస్తూ. "వద్దనలేదన్నమాట. దీంతోనా అన్నయ్య మూడు వారాలు మాట్లాడింది? మోకాలి నొప్పి దీనికా చెప్పుకున్నది?"

బావమరిది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. కానిస్టేబులుకి సైగ చేస్తే అతను ఆమె పక్క నుంచి తప్పుకుని, రెండో కుర్చీ మీది పేపర్లు కిందపెట్టి ఆమెని కూర్చోబెట్టాడు. ఫోన్లో గొంతు ఇంకా కబుర్లు చెబుతూనే ఉంది.

నాకు మాత్రం ఇంకో గొంతు వినబడుతోంది. పొద్దున ఫోన్ చేసే మా తమ్ముడు మాటల మధ్య దగ్గుతాడు. ఎప్పుడూ రెండుసార్లే, పొడిగా. ఈ మధ్య ఎన్నాళ్ళుగా అంతే దగ్గుతున్నాడు? ఇవాళ పొద్దున ఇరవై నిమిషాలు మాట్లాడినా విసుక్కోలేదు. పని ఉందనలేదు. అసలు ఏ మనిషి అంతసేపు వింటాడు?

నేనేం చెప్పానో అప్పుడు గుర్తొచ్చింది. మాటకి మాట గుర్తొచ్చింది. 'కింది టీచరమ్మ చెప్పుల చప్పుడు విన్నదిట తమ్ముడూ. కిర్రుమంటాయట. పాపం ఒక్కతే ఉంటుంది. పోలీసులకింకా చెప్పలేదు, సాయంత్రం నేను తీసుకెళ్ళాలి.' తమ్ముడు రెండుసార్లు దగ్గి, 'అవునా అన్నయ్యా' అన్నాడు.

ప్రతిదీ రికార్డు. కూర్చుని వింటాడు.

"ఒరేయ్, నాతో రా!" అని అరిచి మెట్లకి పరిగెత్తాను. వెనకాల బూట్ల చప్పుడు వినబడింది. ఆ ఒక్కరోజు వాడు ఎందుకని అడగలేదు.

టీచరమ్మ తలుపు లోపల గడియ వేసి ఉంది. గుమ్మం ముందు ఆవిడ రబ్బరు చెప్పుల పక్కన, గోడవారగా, బుద్ధిగా ఇంకో జత పెట్టి ఉంది. గోధుమరంగు తోలు. ఎడమ పట్టీకి నీలం దారం.